ఒకటిన్నర శ్రుతికి ఫ్లమెంకో గిటార్: ఆరు తీగలూ దించాలా?

ప్రశ్న: సార్, నమస్తే. మాది హనుమకొండ. నా దగ్గర 650 మిల్లీమీటర్ల స్కేల్ ఉన్న సైప్రస్ చెక్క ఫ్లమెంకో గిటార్ ఉంది. మా దోస్తు పాడ్తడు, నేను వాయిస్త. వాని శ్రుతి ఒకటిన్నర. ఎక్కువగా తోడి, వకుళాభరణం పాటలు, నడుమ నడుమ జానపదాలు. నాకు ‘ఇ’ పట్టులే చేతికి అలవాటు. అందుకని ఆరు తీగలూ మూడు ఫ్రెట్ల మేర కిందికి దించిన. ఇప్పుడు ఆరో తీగ బర్రుమంటున్నది. మూడో తీగ ఏడో ఫ్రెట్ దాటితే శ్రుతి ఎక్కుతున్నది. ఇక్కడ ఒకరికి చూపిస్తే బ్రిడ్జి మీది ఎముక ఎత్తు పెంచాలె అన్నరు. పెంచమంటరా? లేకపోతే హార్డ్ టెన్షన్ తీగలు వేస్తే సరిపోతదా?

సమాధానం: ఎముకను ముట్టుకోనివ్వకండి. హార్డ్ టెన్షన్ సెట్ వేసినా మూడు ఫ్రెట్ల లోటు తీరదు. అసలు ఒకటిన్నర శ్రుతి కోసం ఆరు తీగలూ దించాల్సిన పనే లేదు, రెండు దించితే చాలు. ఆ రెండూ ఏవో చెప్పేముందు మీ గిటార్‌కు ఇప్పుడు ఏమైందో చూద్దాం. తీగలు కొనేటప్పుడు ఇదే లెక్క అక్కరకొస్తుంది.

తీగ పొడవు, బరువు మారకుండా శ్రుతి ఒక్కటే దించితే బిగువు మనం అనుకున్నదానికంటే వేగంగా పడిపోతుంది. ఒక ఫ్రెట్ మేర దించితే 11 శాతం, రెండైతే 21, మూడైతే 29 శాతం పోతుంది. మామూలు నైలాన్ సెట్‌లో ఆరు తీగలూ కలిసి దాదాపు 38 కిలోల బిగువుతో లాగుతాయి. మీ గిటార్ మీద ఇప్పుడున్నది 27 కిలోలే. అంత వదులైన తీగ మీటగానే వెడల్పుగా ఊగుతుంది. ఫ్లమెంకో గిటార్‌లో ఊగడానికి చోటే తక్కువ. పన్నెండో ఫ్రెట్ మీద ఆరో తీగ ఎత్తు 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా, ఒకటో తీగ ఎత్తు రెండున్నర దగ్గర ఉంటుంది. క్లాసికల్ గిటార్‌లో ఆరోది 4 దాకా వెళ్తుంది. కాబట్టి ఇదే వదులు క్లాసికల్ గిటార్ మీద కొంతవరకు చెల్లిపోతుంది గానీ మీ దాని మీద చెల్లదు. అయితే కొంత గరుకు ఫ్లమెంకోకు కావలసిందే. రాస్గెయాదో, అంటే వేళ్లన్నీ విదిలిస్తూ తీగల మీద కొట్టే వరుస, గట్టిగా వాయించినప్పుడు తీగ ఫ్రెట్‌కు తగిలి వచ్చే కరకరను దోషమని సరిచేయించుకోవద్దు. ఒక్క తీగను మెల్లగా మీటినా బర్రుమంటేనే దాన్ని దోషంగా లెక్కపెట్టాలి.

మూడో తీగ సంగతి వేరు. వేలితో నొక్కినప్పుడు ఏ తీగైనా కొద్దిగా సాగి బిగుస్తుంది. తీగ ముందే బిగువుగా ఉంటే ఆ కొద్దిపాటి పెంపు వినపడదు. వదులుగా ఉంటే అదే పెంపు నిష్పత్తిలో పెద్దదై శ్రుతి ఎక్కుతుంది. ఆరింటిలో మూడోది అన్నిటికన్నా మందమైన సాదా నైలాన్, దాదాపు 1.02 మిల్లీమీటర్లు. మామూలు శ్రుతిలోనే కాస్త మొద్దుగా మోగే తీగ అది. మూడు ఫ్రెట్లు దించేసరికి రబ్బరులా తయారవుతుంది. తప్పు మీ వేలిది కాదు, ఫ్రెట్లదీ కాదు.

కర్ర కూడా చూసుకోండి. ఫ్లమెంకో గిటార్లలో చాలావాటికి మెడ లోపల ట్రస్ రాడ్, అంటే మెడ వంపును సరిచేసే లోహపు కడ్డీ, ఉండదు. తీగల లాగుడుకు మెడ ఒక వెంట్రుకంత ముందుకు వంగి నిలుస్తుంది. లాగుడు పదకొండు కిలోలు తగ్గితే ఆ వంపు పోయి మెడ నిటారవుతుంది, అప్పుడు మొదటి ఐదారు ఫ్రెట్లలో గరగర మొదలవుతుంది. చూడటం తేలికే. ఆరో తీగను ఒకటో ఫ్రెట్ మీద ఒక చేత్తో, పన్నెండో ఫ్రెట్ మీద ఇంకో చేత్తో నొక్కి పట్టండి. ఆరో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ నడుమ జిరాక్స్ కాగితం దూర్చమని ఎవరికైనా చెప్పండి. 80 జీఎస్ఎం కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. ఒకటి గానీ రెండు గానీ దూరితే వంపు సరిగ్గా ఉన్నట్టు. ఒక్కటి కూడా దూరకపోతే మీ గరగరలో సగం ఇక్కడి నుంచే వస్తోంది. బిగువు తిరిగి ఇస్తే అది తనంతట తానే సర్దుకుంటుంది.

ఇక ఎముక ఎత్తు. దీన్నే సాడిల్ అంటారు. పన్నెండో ఫ్రెట్ మీద అర మిల్లీమీటరు పెంచాలంటే సాడిల్ దగ్గర ఒక మిల్లీమీటరు పెంచాలి. గరగర కొంత తగ్గుతుంది, కాదనను. కానీ ఎత్తు పెరిగిన కొద్దీ నొక్కినప్పుడు తీగ ఇంకా ఎక్కువ సాగుతుంది, మీ మూడో తీగ జబ్బు ముదురుతుంది. పైగా తీగలు చెక్కకు దగ్గరగా ఉండబట్టే ఈ గిటార్ మీద గోల్పే, అంటే వేలితో పైచెక్క మీద కొట్టే దెబ్బ, అంత సులువుగా పడుతుంది. సాడిల్ దగ్గర తీగకూ చెక్కకూ నడుమ 7, 8 మిల్లీమీటర్లున్నదాన్ని పెంచుకుంటూ పోతే కుడిచేతి పని పాడవుతుంది. రేపు మామూలు శ్రుతికి వచ్చారంటే ఎడమచేతికి శిక్ష. వదులైన తీగకు మందు బరువైన తీగ వేయడమే.

మూడు ఫ్రెట్లు దించడం వల్ల మీరు ఆశించిన గంభీరం కూడా పెద్దగా రాదు. గిటార్ పెట్టెలోని గాలి సుమారు 90 నుంచి 105 హెర్ట్జ్ మధ్య బాగా పలుకుతుంది. మామూలు ఆరో తీగ ‘ఇ’ 82 హెర్ట్జ్, అంటే అప్పటికే ఆ గీతకు కింద ఉంది. మూడు ఫ్రెట్లు దించిన మీ ఆరో తీగ ‘సి షార్ప్’, అంటే ఒకటిన్నర శ్రుతి, 69. పల్చని సైప్రస్ పెట్టె ఆ అడుగు స్వరాన్ని సరిగ్గా బయటికి పంపలేదు, దాని పై స్వరాలే మనకు వినపడతాయి. మిగిలేది తీగ చప్పుడు.

అసలు దారి ఇదీ. ఫ్లమెంకోలో రొందేన్యా అని ఒక పద్ధతి ఉంది. రామోన్ మోంతోయా 1936లో పారిస్‌లో రికార్డు చేసిన సోలోల్లో అదీ ఒకటి. తర్వాత పాకో దె లూసియా దాకా పెద్దవాళ్లు వాయించారు. దానికి ఆరో తీగను ‘ఇ’ నుంచి ‘డి’కి, మూడో తీగను ‘జి’ నుంచి ‘ఎఫ్ షార్ప్’కు దించుతారు. మిగతా నాలుగింటినీ ముట్టుకోరు. ఈ పద్ధతిలో ఆధార స్వరం ‘సి షార్ప్’. అంటే కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ మీద నొక్కి పట్టే బిగింపు) లేకుండానే మీ దోస్తు ఒకటిన్నర!

సి షార్ప్‌ను షడ్జమంగా పెట్టి ఖాళీ తీగలు ఏ స్వరాలో చూడండి. ఆరోదీ నాలుగోదీ ‘డి’, అది శుద్ధ రిషభం. ఐదోది ‘ఎ’, శుద్ధ ధైవతం. మూడోది ‘ఎఫ్ షార్ప్’, శుద్ధ మధ్యమం. రెండోది ‘బి’, కైశికి నిషాదం. ఒకటోది ‘ఇ’, సాధారణ గాంధారం. ఆరుకు ఆరూ హనుమతోడి స్వరాలే. దించకముందు మూడో తీగ ‘జి’ ఉంది కదా, అది ఈ శ్రుతికి ప్రతి మధ్యమం, తోడికి పరాయిది. ఒక్క ఫ్రెట్ దించగానే రాగంలోకి వచ్చింది. ఫ్లమెంకో వాళ్లు తోడి కోసం ఈ పని చేయలేదు, వాళ్ల ఫ్రిజియన్ అనే స్వరక్రమమూ మన తోడి మేళమూ ఒకే స్వరాల మీద నడుస్తాయి గనుక ఇలా కలిసొచ్చింది.

ఒక్క హెచ్చరిక. ఖాళీ ఆరో తీగ ఇక్కడ రిషభం, షడ్జమం కాదు. తంబూరలా దాన్ని మోగిస్తూ కూర్చుంటే గాయకుడికి శ్రుతి తప్పినట్టే ఉంటుంది. ఆధార పట్టు ఇలా వేయండి: ఐదో తీగ నాలుగో ఫ్రెట్, నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, రెండూ ఒకటీ ఖాళీ, ఆరోది మీటవద్దు. వరుసగా స, అంతర గాంధారం, ప, ని, సాధారణ గాంధారం వస్తాయి. రెండు గాంధారాలు ఒకే పట్టులో ఉన్నాయి, రొందేన్యా రుచి అంతా అక్కడే. సోలోకు బాగుంటుంది గానీ తోడి పాట కింద ఇది ఒప్పదు. తోడికి నాలుగో తీగ మీది వేలును రెండో ఫ్రెట్‌కు జరపండి, రెండు చోట్లా సాధారణ గాంధారమే అవుతుంది. వకుళాభరణానికి మూడో ఫ్రెట్టే ఉంచి, ఒకటో తీగను వదిలేయండి లేదా నాలుగో ఫ్రెట్ దగ్గర నొక్కి పంచమం పలికించండి. ‘డి’ పట్టుకైతే ఆరు నుంచి మూడు దాకా ఖాళీగా మీటితే చాలు, ‘డి’ మేజర్ వస్తుంది. అక్కడి నుంచి ఆధార పట్టుకు దిగడం అంటే రిషభం నుంచి షడ్జమానికి దిగడమే. పాట చివర ఆ దిగుడు ఎంత నిండుగా ఉంటుందో ఒకసారి వాయించి చూడండి. తోడి గాంధారంలో ఉండే ఊపు మాత్రం ఫ్రెట్ల మీద వెతక్కండి. దాన్ని మీ దోస్తుకు వదిలేసి మీరు ఆ చోట పట్టు మార్చకుండా నిలబడండి.

శ్రుతి చేయడం: ముందు ఆరో తీగను దించి ఖాళీ నాలుగో తీగకు కింది స్థాయిలో కలపండి. ఏడో ఫ్రెట్ మీద అది ఖాళీ ఐదో తీగతో కలవాలి. తర్వాత మూడోది. నాలుగో తీగ నాలుగో ఫ్రెట్ మీద పలికే స్వరానికి ఖాళీ మూడో తీగను కలపండి. మూడో తీగ ఐదో ఫ్రెట్ నొక్కితే ఖాళీ రెండో తీగ రావాలి. నైలాన్‌కు ఒక గుణం ఉంది: కిందికి దించాక కాసేపట్లో తనంతట తాను కొంచెం పైకి ఎక్కుతుంది. కాబట్టి క్లిప్ ట్యూనర్ ముల్లు కావలసిన చోటుకు కాస్త కిందికి వెళ్లేదాకా దించి, తీగను వేలితో రెండు మూడుసార్లు మెల్లగా పైకి లాగి వదిలి, అప్పుడు కింది నుంచి పైకి ఎక్కిస్తూ కలపండి. పై నుంచి దించుతూ ఆపితే తీగ చుట్టే కీ పళ్ల నడుమ వదులు మిగిలి పాట మధ్యలో జారుతుంది.

ఈ పద్ధతికి ఉన్న సెట్‌తోనే మొదలుపెట్టొచ్చు. నాలుగు తీగల బిగువు మారలేదు, మూడోదానికి 11 శాతం, ఆరోదానికి 21 శాతం తగ్గింది, అంతే. మెడ కూడా కదలదు. కానీ ఆరోది ఇంకా కొంచెం గరగరలాడుతుంది. అందుకని ఆ రెండు తీగలే విడిగా కొనండి.

బిగువు తగ్గకుండా ఒక ఫ్రెట్ దించాలంటే తీగ మందం 6 శాతం, రెండుకు 12 శాతం, మూడుకు 19 శాతం పెరగాలి. మామూలు టెన్షన్ సెట్‌లో ఆరో తీగ సుమారు 1.09 మిల్లీమీటర్లు. ‘డి’కి పూర్తి బిగువు కావాలంటే 1.22 ఉండాలి. 1.17 నుంచి 1.2 దాకా దొరికినా చాలు, మిగిలే కొద్దిపాటి వదులు ఫ్లమెంకో చేతికి బాగానే ఉంటుంది. ఇంత మందం ఎక్స్‌ట్రా హార్డ్ సెట్ల ఆరో తీగల్లో చూడండి. దొరక్కపోతే ఏడు తీగల గిటార్ల కోసం చేసే విడి తీగల్లో సన్నవాటిని చూడండి. మూడో తీగకు నైలాన్ వద్దు, కార్బన్ కొనండి. ఫ్లోరోకార్బన్ అనే ఈ పదార్థం నైలాన్ కంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. అదే బిగువుకు అయిదింట నాలుగు వంతుల మందం చాలు. సన్నగా ఉండటం వల్ల మొద్దుతనం పోతుంది, పై ఫ్రెట్లలో శ్రుతి నిలుస్తుంది. ‘ఎఫ్ షార్ప్’కు 0.85 మిల్లీమీటర్ల దగ్గర ఉన్న కార్బన్ తీగ సరిగ్గా కుదురుతుంది. సవారెజ్ అలయన్స్ లాంటి కార్బన్ సెట్లలో మూడో తీగ ఈ చుట్టుపక్కలే ఉంటుంది. ఈ రెండు తీగలతో ఎప్పుడైనా మామూలు శ్రుతికి ఎక్కించినా గిటార్‌కు ప్రమాదం లేదు. ఆరోది మాత్రం గట్టిగా ఉంటుంది, అలా నెలల తరబడి ఉంచకండి.

మీరడిగిన హార్డ్ టెన్షన్ సంగతి ఇప్పుడు లెక్కలో చూద్దాం. డాడారియో ప్రో ఆర్టే సెట్లలో మామూలు ఈజే45 ఒకటో తీగ 0.0280 అంగుళం. హార్డ్ ఈజే46లో అది 0.0285. ఎక్స్‌ట్రా హార్డ్ ఈజే44లో 0.0290. మందం రెండు శాతం పెరిగితే బిగువు నాలుగు శాతం పెరుగుతుంది. అంటే హార్డ్ వల్ల తిరిగొచ్చేది నాలుగు శాతం, ఎక్స్‌ట్రా హార్డ్ వల్ల ఏడు. ఒక్క ఫ్రెట్ దించితే పోయేదే పదకొండు. ప్యాకెట్ మీద ‘హార్డ్’ అని చూసి మూడు ఫ్రెట్ల లోటు తీరుతుందనుకుంటే డబ్బులు దండగ. ఎక్స్‌ట్రా హార్డ్ సెట్ పనికొచ్చేది ఆరూ కలిపి ఒక ఫ్రెట్ దించినప్పుడే. అప్పుడు బిగువు మామూలు సెట్ మామూలు శ్రుతిలో ఉన్నదానికి దాదాపు సమానంగా, కాస్త తక్కువగా వస్తుంది.

అలా ఒక ఫ్రెట్ దించడం మీ జానపదాలకు బాగా పనికొస్తుంది కూడా. ఆరు తీగలూ ఒక ఫ్రెట్ దించి, ఆరోదాన్ని ఇంకో రెండు దించండి. ఆరు, ఐదు, నాలుగు తీగలు సి షార్ప్, జి షార్ప్, సి షార్ప్ అవుతాయి, అంటే స, ప, స. వేళ్ల పట్టులన్నీ మీకు తెలిసిన ‘డి’ పట్టులే, వినపడేది ఒకటిన్నర. మోహన, హరికాంభోజి లాంటి వాటికి కింద ఈ మూడు తీగలు మోగుతుంటే వేరే శ్రుతిపెట్టె అక్కర్లేదు. ఆరో తీగ ఇక్కడ మూడు ఫ్రెట్లు దిగుతుంది కాబట్టి 1.2కు తక్కువ వేయవద్దు, 1.25 అయితే ఇంకా మేలు. తోడికి మాత్రం ఈ పద్ధతి కష్టం. ‘డి’ పట్టుల్లో తోడి వాయిస్తే ఒకటో తీగా రెండో తీగా ఖాళీగా మోగితే పరాయి స్వరాలు పలుకుతాయి.

తీగలు మార్చే ఓపిక లేని రోజున ఫ్లమెంకో వాళ్లు పోర్ మేదియో అనే ‘ఎ’ పట్టులు వేసి, నాలుగో ఫ్రెట్ మీద కాపో పెట్టండి. ‘ఎ’ నుంచి నాలుగు ఎక్కితే సి షార్ప్. గ్రనాయీనా అనే ఫ్లమెంకో పద్ధతి వచ్చినవాళ్లకైతే ‘బి’ పట్టులు, రెండో ఫ్రెట్ కాపో. స్వరం కొంచెం సన్నగా ఉంటుంది, అయినా గాయకుడి వెనుక ఆ సన్నదనమే తేటగా వినపడుతుంది. కాపో కొనేటప్పుడు ఒకటి గమనించండి. స్టీల్ గిటార్ల ఫ్రెట్‌బోర్డ్ కొంచెం గుండ్రంగా ఉంటుంది, వాటి కాపో రబ్బరు కూడా వంపుగా ఉంటుంది. మీ గిటార్ బోర్డు చదును. వంపు కాపో పెడితే కొన్ని తీగలు అరకొరగా నొక్కుకుని గరగరలాడతాయి. చదును రబ్బరు ఉన్న క్లాసికల్ కాపో అడగండి.

ఆరు తీగలూ రెండు ఫ్రెట్లు దించి ‘డి’ నుంచి వాయించాలన్న కోరిక కూడా చాలామందికి ఉంటుంది. గాయకుడి శ్రుతి రెండు అయితే అది సబబే, ‘ఇ’ పట్టులు అలాగే పనికొస్తాయి. పైన మూడు తీగలకు కార్బన్ వేయాలి: ఒకటోది 0.64, రెండోది 0.74, మూడోది 0.92 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. కార్బన్ దొరక్కపోతే ఒకటో తీగ స్థానంలో మామూలు సెట్ రెండో తీగను వేసి ‘డి’కి ఎక్కించవచ్చు. తెగుతుందేమోనని భయం వద్దు. సాదా తీగ ఏ శ్రుతిలో తెగుతుందన్నది దాని మందం మీద ఆధారపడదు, పొడవు మీదా పదార్థం మీదా ఆధారపడుతుంది. ఒకటో తీగ ‘ఇ’ని తట్టుకుంటున్నప్పుడు అదే నైలాన్ ‘డి’ని హాయిగా తట్టుకుంటుంది. బిగువు మామూలుకన్నా ఐదు శాతమే ఎక్కువ. ఈ కిటుకును కింది తీగలకు మాత్రం వాడకండి. ఆరో తీగను ఐదో స్థానంలో ‘జి’కి ఎక్కించినా, ఐదోదాన్ని నాలుగో స్థానంలో ‘సి’కి ఎక్కించినా బిగువు 40 శాతం పెరుగుతుంది. వాటి లోపల ఉండేది సన్నని నైలాన్ పోగుల కట్ట, పైన లోహపు చుట్టు. పోగులు తెగడమో బ్రిడ్జి మీద భారం పడటమో తప్పదు. కింది మూడింటికీ ఎక్స్‌ట్రా హార్డ్ తీగలు వేసి మిగిలిన పది పదిహేను శాతం వదులుతో సర్దుకోవడమే మంచిది.

మందమైన తీగ వేసేటప్పుడు అసలు చిక్కు నట్ దగ్గర, అంటే మెడ పై కొసన తీగలు కూర్చునే గాళ్లున్న ముక్క దగ్గర, వస్తుంది. 1.09 తీగకు కోసిన గాడిలో 1.2 తీగ దిగదు. పైనే కూర్చుంటుంది. ఒకటో ఫ్రెట్ నొక్కితే శ్రుతి ఎక్కుతుంది. కీ తిప్పినప్పుడు తీగ పట్టుకుని ఉండి ఒక్కసారి ‘టిక్’మని జారుతుంది. ఆ టిక్ వినపడిందంటే గాడి ఇరుకన్నమాట. గాడి తీగకంటే పదో వంతు మిల్లీమీటరు వెడల్పుగా, తీగ మందంలో సగం మునిగేలా ఉంటే చాలు. మామూలు ఆకురాయితో రాయించవద్దు, అడుగు చదునైపోయి తీగ అందులో జుయ్యిమంటుంది. పాత నట్‌ను భద్రంగా దాచి, ఇంకో ఎముక నట్ మందపు తీగలకు విడిగా చేయించుకోండి. నట్ చాలా గిటార్లలో ఒక చుక్క జిగురుతోనే నిలబడుతుంది. గాడి సరిపోతున్నా తీగ పట్టినట్టుంటే మెత్తని పెన్సిల్ ముక్కు గాడిలో రుద్దండి. లోతు చూడటానికి తీగను రెండూ మూడూ ఫ్రెట్ల నడుమ నొక్కి ఒకటో ఫ్రెట్ మీద సందు చూడండి. వెంట్రుకవాసి సందు ఉండాలి. అస్సలు లేకపోతే ఖాళీ తీగ గరగరకు కారణం అదే.

కార్బన్ తీగ జారుడుగా ఉంటుంది. బ్రిడ్జికి ముడి వేసేటప్పుడు కనీసం మూడు చుట్లు దూర్చి, చివరి చుట్టు బ్రిడ్జి వెనుక అంచు దాటి కింద నొక్కుకునేలా చూడండి. తీగ కొసను అగ్గిపుల్ల మంటకు దూరంగా చూపి చిన్న గుండు చేస్తే ఇంకా నమ్మకం. ముడి జారితే తీగ కొస కొరడాలా చెక్క మీద కొడుతుంది, అక్కడ పడ్డ గాటు పోదు. ఆరూ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటే మార్చండి. నైలాన్ కుదురుకోవడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది, కార్బన్‌కు అంత పట్టదు. కచేరీ ముందురోజు మార్చవద్దు.

మన దగ్గర కాలాన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఏప్రిల్, మే ఎండల్లో గాలి పొడిబారి గిటార్ పైచెక్క కొంచెం దిగుతుంది, దానితోపాటు తీగల ఎత్తూ తగ్గి గరగర పెరుగుతుంది. జూలై వానల్లో చెక్క ఉబ్బి తీగలు లేస్తాయి. మే నెలలో విన్న గరగరకు ఎముక ఎత్తు పెంచితే ఆగస్టులో వేళ్లు నొప్పి పెడతాయి. గిటార్‌ను పెట్టెలోనే ఉంచండి. చిల్లులు పెట్టిన సబ్బుపెట్టెలో తడిపి పిండిన స్పాంజ్ వేసి, గిటార్ తల వైపు ఉంచితే ఎండాకాలం గడుస్తుంది. కూలర్ గాలి నేరుగా తగిలే చోట మాత్రం వద్దు. తేమ ఒక్కసారిగా పెరిగి, కూలర్ ఆపగానే అంతే వేగంగా తగ్గుతుంది. చెక్క పగిలేది ఆ ఎగుడుదిగుడుకే. లోహపు చుట్టున్న తీగలు చెమటకు త్వరగా నల్లబడి మొద్దుబారతాయి, వాయించాక పొడి గుడ్డతో తుడవండి. మూగబోయిన ఆరో తీగను దించి చూసి కొత్త తీగ ఎలా ఉంటుందో తీర్పు చెప్పవద్దు.

దుకాణంలో గిటార్ తీగలంటే ముందు చేతికిచ్చేది స్టీల్ సెట్. సన్నగా ఉన్నాయి, ధర తక్కువ, గట్టిగా బిగుస్తాయి అని ఎవరు చెప్పినా తీసుకోకండి. తేలికపాటి స్టీల్ సెట్ కూడా 65, 70 కిలోలు లాగుతుంది. మీ గిటార్ పైచెక్క దాదాపు 40 కిలోలకు చేసింది, బ్రిడ్జి ఊడి వస్తుంది. ఆర్డర్ పెట్టేటప్పుడు కంపెనీ పేరు కంటే ముందు మందం మిల్లీమీటర్లలో రాసి అడగండి: మామూలు టెన్షన్ నైలాన్ సెట్ ఒకటి, 0.85 కార్బన్ మూడో తీగ ఒకటి, 1.2 చుట్టు తీగ ఆరోదానికి రెండు. ఆరోది రెండు ఎందుకంటే విడిగా దొరకడం కష్టం, ముందుగా మూగబోయేదీ అదే.